దొమ్మచేను



పొలములకు పేరులుండుట గ్రామవాసులైన మీకు తెలియని సంగతి కాదు. చెఱువుక్రింది చేను, మఱ్ఱిచేను, దేవరమాన్యము, పుట్టలబీడు అని ఒక్కొక్క పేరునందు ఒక్కొక్క చరిత్ర ఇమిడియుండును. పేరు నిలిచి, దాని కారణము మఱుగుపడుట తఱుచు. మాది రాయలసీమలో మెట్టసేద్యమును గొఱ్ఱెలమందలును జీవనాధారముగా గల గ్రామము. ఊరికి పడమట వంకగట్టున నాలుగెకరముల బీడొకటి కలదు. దానికి దొమ్మచేనని పేరు. గడ్డి మోకాలిబంటి పెరిగినను అందు పశువును తోలువారు లేరు. ఆ నేలకు శాపమున్నదనియు, అందు మేసిన జీవము నిలువదనియు పెద్దలు చెప్పుచుండిరి. శాపమిచ్చినవారెవరని యడిగినచో, గ్రామదేవత యని ఒకరును, అన్యాయముగా భూమిని పోగొట్టుకొన్న యొక విధవరాలని మఱొకరును చెప్పెడువారు.

నేను సంస్కృతాంధ్రములను గురుముఖమున చదివి, 1984లో మా గ్రామపాఠశాలయందే ఉపాధ్యాయుడనైతిని. వయసు చిన్నది, ఉత్సాహము పెద్దది. మూఢవిశ్వాసములను ఖండించుట నా ధర్మమని తలచి, ఒకనాడు తరగతిలో దొమ్మచేని మాట ఎత్తి పరిహసించితిని. మన్నునకు కోపమెక్కడిది, శాపమెక్కడిది అంటిని. పిల్లలు నవ్విరి. ఆ మాట ఇంటింటికిని పోయెను. ఆ యేడు అనావృష్టి. వేసవి కడపట రెండు వానలు పడి, ఆ బీడున మాత్రము పచ్చిక మొలిచెను. మేత లేక అలమటించుచున్న కాపరి యొకడు, కుమారుడు బడినుండి తెచ్చిన నా మాటను నమ్మి, మందను అందులోనికి తోలెను.

నాలుగైదు దినములు గడచిన పిమ్మట, రెండు రాత్రులలో 11 గొఱ్ఱెలు నోటను ముక్కునను నల్లని నెత్తురు కార్చుచు పడిపోయెను. తోలైనను దక్కునని ఆ కాపరి రెండింటిని ఒలిచెను. వారము తిరుగకముందే ఆతని ముంజేతిమీద నల్లని పుండు లేచెను. సకాలమున మందు దొరకుటచే ఆతడు బ్రదికెను. ఆతడు నన్ను నిందింపలేదు. నేను పలుకరింపబోయినపుడు, “మీరు చెప్పినారు కదా అయ్యవారూ, అని తోలినాను” అని మాత్రమే అనెను. ఆ మాట నాకు నిందకంటె బరువైనది.

పశువైద్యుడు వచ్చి, చచ్చిన గొఱ్ఱె చెవినుండి ఒక బొట్టు నెత్తురును గాజుపలకమీదికి తీసి, రంగుమందు వేసి, సూక్ష్మదర్శినిలో చూచి, నాకును చూపెను. వెదురుకఱ్ఱను కణుపుకణుపుగా కోసి వరుసగా పేర్చినట్లు సన్నని పుల్లలు కనబడెను. “అయ్యవారూ, మీ ఊరివారు చెప్పెడు శాపమిదియే. ఆ చేనిలో మునుపెప్పుడో పశువులను పాతియుందురు. పెద్దలను విచారింపుడు” అని ఆయన చెప్పెను. విచారింపగా, ఊరిలో అందఱికంటె వృద్ధురాలైన అవ్వ యొకతె తన అత్తగారి నోట విన్నది చెప్పినది. ఒక కఱవు సంవత్సరమున ఊరి యెడ్లు వరుసగా చచ్చెనట. తోళ్లు ఒలుచుకొని, కళేబరములను వంకగట్టున లోతులేని గుంటలలో పూడ్చిరట. గుంటల సంగతిని ఊరు మఱచినది, నేల మఱువలేదు.

ఆనాటినుండి ఈ రోగము యొక్క చరిత్రను చేతనైనంతవరకు చదివితిని. హానికరములైన సూక్ష్మక్రిములు పొలములలో ఎట్లు పుట్టుచున్నవి, ఎట్లు వ్యాపించుచున్నవి అను ప్రశ్నకు మానవుడు మొట్టమొదట తృప్తికరమైన సమాధానమును కనుగొన్నది ఈ రోగమునందే. ఆ కథనే నేడు మీకు విన్నవింపబూనితిని.

ముందుగా పేరు. మన పల్లెలలో పశువునకు హఠాత్తుగా వచ్చు చావునకు దొమ్మ యని వాడుక. అట్టి చావు పెక్కు రోగములవలన రావచ్చును. జబ్బవాపు వేఱు, గొంతువాపు వేఱు. పశువైద్యులు దొమ్మ యను పేరును ఆంత్రాక్సు అనెడు రోగమునకు వాడుచున్నారు. గ్రీకుభాషలో ఆ మాటకు బొగ్గు అని యర్థము. మనుష్యుని చర్మముపై లేచెడు పుండు నడుమ బొగ్గువలె నల్లగా మాడియుండుటచే ఆ పేరు కలిగినది. ఫ్రెంచివారును దీనిని బొగ్గు అనియే పిలిచిరి. చచ్చిన పశువు ప్లీహము ఉబ్బి నల్లబడియుండుటను చూచిన జర్మనులు ప్లీహదాహమనిరి. దేశము వేఱైనను, భాష వేఱైనను, చూపు ఒక్కటియే.

లక్షణములు మీలో ననేకులు చూచియే యుందురు. సాయంకాలమునకు చక్కగా మేసి వచ్చిన పశువు ఉదయమునకు చచ్చి పడియుండును. కొన్నింటికి తీవ్రమైన జ్వరమును, వణకును, ఊపిరాడకుండుటయు కనబడును. చచ్చిన వెంటనే కడుపు ఉబ్బును. శరీరము తక్కిన చావులయందువలె కొయ్యబాఱదు. నోరు, ముక్కు, గుదము మున్నగు ద్వారములనుండి నల్లని నెత్తురు కాఱును. ఆ నెత్తురు గడ్డకట్టదు. గోవులు, గేదెలు, గొఱ్ఱెలు, మేకలు దీనికి సులభముగా లోబడును. మనుష్యునకును ఇది సోకును.

ఇక పొలములకు శాపమను మాట మన యూరిది మాత్రమే కాదు. ఫ్రాన్సుదేశమున పారిసునగరమునకు నైరృతిదిక్కున బోస్ అనెడు విశాలమైన మైదానము కలదు. గోధుమపంటకు ప్రసిద్ధికెక్కిన నేల. పంట కోసిన పిమ్మట ఆ పొలములలో గొఱ్ఱెలమందలను మేపుట అచ్చటి యాచారము. గడచిన 19వ శతాబ్దమున ఆ మందలు ఏటేట ఈ రోగమువలన నశించుచుండెను. కొన్ని పొలములలో మేసిన మందలకే చావు వచ్చుటను గమనించి, అచ్చటి రైతులు వానిని శాపగ్రస్తములైన పొలములని పిలిచి విడిచిపెట్టిరి. ఓవెర్న్ అను మఱొక సీమలో కొండలకే శాపము తగిలినదని చెప్పుకొనిరి. ఈ సంగతిని మొదటిసారి చదివినపుడు నేను పుస్తకమును మూసి, మా యూరి పడమటి దిక్కునకు చూచుచు కొంతసేపు కూర్చుంటిని. ఆ రైతులకు మా యూరి పేరు తెలియదు, మా పెద్దలకు వారి సీమ పేరు తెలియదు. చూచినది మాత్రము ఇరువురును ఒక్కటే చూచిరి.

1850లో రేయే, దవేన్ అను ఇద్దఱు ఫ్రెంచి వైద్యులు ఈ రోగముచే చచ్చిన గొఱ్ఱె నెత్తుటిలో కదలికలేని సన్నని పుల్లలవంటి వానిని చూచిరి. జర్మనీలో పొలెండర్ అనునాతడును అంతకు స్వల్పకాలము ముందే చూచి, తరువాత 1855లో ప్రకటించెను. అవి యేమో అప్పటికి తెలియదు. పాలు పులియుటకును, ద్రాక్షరసము మద్యమగుటకును సూక్ష్మజీవులే కారణమని లూయీ పాశ్చర్ పండితుడు నిరూపించిన తరువాత, దవేన్ తాను చూచిన పుల్లలను జ్ఞప్తికి తెచ్చుకొనెను. ద్రాక్షరసమును మార్చునట్టివే రక్తమును చెఱచుచున్నవేమో యని 1863లో పరీక్షలు మొదలిడెను. రోగరక్తమును సూదితో ఎక్కించిన జంతువులు చచ్చెను. వాని నెత్తుటిలో అవే పుల్లలు కనబడెను.

అయినను ఒక పెద్ద చిక్కు మిగిలినది. ఆ పుల్లలు మిక్కిలి దుర్బలములు. చచ్చిన పశువు కుళ్లుట మొదలిడినచో అవి కొలది దినములలో నశించును. కాని పొలము ఏండ్లతరబడి ప్రాణములు తీయుచున్నది. నాలుగుదినములు బ్రదుకలేని క్రిమి నలువది సంవత్సరముల శాపమునకు కారణమెట్లగును? దవేను మాటను నమ్మనివారు వేసిన ప్రశ్న యిదియే. అది న్యాయమైన ప్రశ్న.

దానికి సమాధానము చెప్పినవాడు విశ్వవిద్యాలయమున నున్న ఆచార్యుడు కాడు. రాబర్టు కాక్ అను ఇరువదియెనిమిది సంవత్సరముల వైద్యుడు 1872లో నాటి జర్మనీలోని వోల్‌స్టైను అను చిన్న పట్టణమునకు ప్రభుత్వవైద్యుడుగా వచ్చెను. ఆ పట్టణము నేడు పోలెండు దేశములో నున్నది. చుట్టుప్రక్కల పల్లెలలో పశువులు దొమ్మతో చచ్చుచుండెను. పగలు రోగులను చూచుచు, తీఱిక వేళలందు తన యింటనే సూక్ష్మదర్శిని నుంచుకొని కాక్ పరిశోధనకు గడంగెను. సన్నని చెక్కపేళ్ల మొనను రోగరక్తములో ముంచి ఎలుకలకు గ్రుచ్చెను. అవి చచ్చెను. పిమ్మట ఎద్దు కంటిలోని తేటనీటి బొట్టును గాజుపలకపై నుంచి, అందు రోగముచే చచ్చిన జంతువు ప్లీహపు తునుక నొకదానిని వేసి, వెచ్చగా నుంచి, గంటలతరబడి చూచుచు కూర్చుండెను.

ఆయన కన్నుల యెదుటనే పుల్లలు దారములవలె పెరిగెను. దారములలో మినుకుమినుకుమను చిన్న గింజలు ఏర్పడెను. దారములు శిథిలమై పోయినను గింజలు నిలిచెను. వానిని ఎండబెట్టి, కొంతకాలమునకు మరల క్రొత్త బొట్టులో వేయగా, గింజలు మొలకెత్తి మరల పుల్లలైనవి. ఆ పుల్లలు మరల ఎలుకలను చంపినవి. 1876 ఏప్రిల్ నెల చివర ఆయన తన యెలుకలను, గాజుపలకలను వెంటగొని బ్రెస్లా నగరమునకు పోయి, వృక్షశాస్త్రాచార్యుడైన ఫెర్డినాండు కోన్ సమక్షమున ఈ పరీక్షలన్నింటిని చేసి చూపెను. కోన్ దానిని ఆ యేడే తన పత్రికలో ప్రకటించెను. ఒక నిర్దిష్టమైన క్రిమియే ఒక నిర్దిష్టమైన రోగమునకు కారణమని ఆమూలాగ్రముగా నిరూపించిన వ్రాతగా శాస్త్రచరిత్రలో దానికి గొప్ప స్థానము కలదు.

వ్యవసాయదారులైన మీకు ఈ గింజ సంగతి సులభముగా బోధపడును. పైరు ఎండిపోయినను విత్తు నిలుచును. పుల్ల పైరు, గింజ విత్తు. పుల్లరూపమున క్రిమి బలహీనము; బీజరూపమున అది ఎండకు, చలికి, కఱవునకు, కాలమునకు లొంగదు. ఇందు మనము ముఖ్యముగా గ్రహింపవలసిన విషయమొకటి కలదు. బీజము కట్టుటకు ఆ క్రిమికి గాలి కావలయును. చచ్చిన పశువు శరీరము లోపల, తోలు చీలనంతవరకు, దానికి గాలి దొరకదు. కడుపులోని కుళ్లు పుట్టించెడు ఇతర క్రిములు విజృంభించి దానిని నశింపజేయును. మనము కత్తి పెట్టి తోలు ఒలిచినపుడు, మాంసము కోసినపుడు, కుక్కలు, నక్కలు, రాబందులు చీల్చినపుడు నెత్తురు బయటపడి గాలి తగులును. నోటను ముక్కునను కాఱిన నెత్తురునకును గాలి తగులును. అచ్చటనే విత్తు కట్టును. కాబట్టి దొమ్మచేను దానంతట అది పుట్టదు. తెలియక మనమే కత్తితో దున్ని విత్తుచున్నాము.

విత్తు నేలలో నున్నది సరే, అది పశువు నోటికి ఎట్లు వచ్చుచున్నది? ఈ ప్రశ్నకు పాశ్చర్ పండితుడు బోస్ సీమకు పోయి సమాధానము వెదకెను. 1878 మొదలు ఆయనయు, శిష్యులైన రూ, షాంబర్లాన్ అనువారును షార్త్ర్ పట్టణ సమీపమునగల పొలములలో పరీక్షలు జరిపిరి. కోత ముగిసిన పొలమున నడచుచు, ఒకచోట మన్ను రంగు వేఱుగా నుండుటను పాశ్చర్ గమనించెను. రైతు నడుగగా, దొమ్మతో చచ్చిన గొఱ్ఱెలను అచ్చట పాతితిమని చెప్పెను. వంగి చూడగా ఆ నేలమీద వానపాములు వెడలగ్రక్కిన మంటియుండలు దట్టముగా కనబడెను. క్రింది మంటిని మీదికి తెచ్చుచున్న ఈ జీవులే బీజములను గూడ మీదికి తెచ్చుచున్నవేమో యని ఆయనకు తోచెను. పాతిపెట్టిన చోటులనుండి తెచ్చిన వానపాముల కడుపులోని మంటిలో రోగబీజములు నిజముగా ఉండెను. పచ్చిమేతకు బీజములను పట్టించి గొఱ్ఱెలకు పెట్టగా కొన్ని చచ్చెను. ఆ మేతతో ముండ్లను, యవధాన్యపు వెన్నుల ముల్లును కలిపి పెట్టగా మఱిన్ని చచ్చెను. నోటిలోని చిన్న గాయములే రోగమునకు ద్వారములని ఆయన నిశ్చయించెను.

వానపాములకు పాశ్చర్ ఇచ్చిన ప్రాధాన్యమును కాక్ అంగీకరింపలేదు. ఇరువురి నడుమను దీర్ఘమైన వివాదము జరిగినది. తరువాతివారు చూచినదానినిబట్టి త్రోవలు పెక్కు. సున్నపుపాలు గల నేలలలో బీజములు చిరకాలము నిలుచును. పెద్దవాన వచ్చినపుడు నీటిమీద తేలి పల్లమునకు చేరును. నీరింకిన పిమ్మట అచ్చటనే పోగుపడి నిలుచును. వంకగట్టులును, చెఱువు అలుగుల క్రింది పల్లములును ఇందుచేతనే అపాయకరములు. అనావృష్టి వచ్చినపుడు గడ్డి కుఱుచయై, పశువు వేరుతోను మంటితోను మేయును. ఎండిన మోళ్లు నోటిని గీరును. కావుననే ఎండ తీవ్రముగా కాచి, పిమ్మట వాన కురిసిన కాలమున ఈ రోగము తఱుచుగా తలయెత్తును. మా కాపరి తన మందను తోలినది సరిగా అట్టి కాలముననే. నెత్తురుపై వ్రాలిన ఈగలు దానిని ఆకులమీదికి చేర్చును. రాబందులును కుక్కలును దూరమునకు కొనిపోవును.

మనుష్యుడు అంతకంటె దూరమునకు కొనిపోయినాడు. తోళ్లు, ఉన్ని, ఎముకలపొడి సముద్రములు దాటి పోయెను; బీజములును వానితోడనే పోయెను. పశువులకు మేతగాను, చేలకు ఎరువుగాను వేసిన ఎముకలపొడివలన రోగమెఱుగని పొలములకు రోగము వచ్చెను. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున విదేశములనుండి వచ్చిన ఉన్నిని విప్పి వేఱుచేయు కూలివారు, ఉదయమున పనికి వచ్చి, ఛాతీ బిగిసి, ఒకటి రెండు దినములలో చచ్చుచుండిరి. ఉన్నిదుమ్ములోని బీజములు ఊపిరితో లోనికి పోవుటయే కారణమని జాన్ హెన్రీ బెల్ అను వైద్యుడు 1880 ప్రాంతమున స్థాపించెను. గొఱ్ఱె నెన్నడును మేపని మనుష్యుడు గొఱ్ఱెరోగముతో చచ్చెను.

ఇక నివారణము. రోగమునకు కారణమైన క్రిమినే బలహీనపఱచి, ఆరోగ్యముగా నున్న పశువునకు ముందుగా ఎక్కించినచో, శరీరము దానితో పోరి గెలిచి, తరువాత బలమైన రోగమును గూడ త్రోసివేయునని అప్పటికి తోచినది. తులూజ్ నగరములోని పశువైద్యాచార్యుడు హెన్రీ తూసాన్ 1880లో రోగరక్తమును వేడిచేసి దొమ్మకు టీకా తయారుచేసెను. పాశ్చరును తన పద్ధతిని ప్రకటించి, బహిరంగపరీక్షకు ఒప్పుకొనెను. 1881లో మెలూన్ పట్టణ సమీపమునగల పుయీ-ల-ఫోర్ అను గ్రామక్షేత్రమున ఆ పరీక్ష జరిగినది.

24 గొఱ్ఱెలకు, 1 మేకకు, 6 గోవులకు మే 5వ తేదీన ఒకసారియు, 17వ తేదీన మఱొకసారియు టీకా వేసిరి. 24 గొఱ్ఱెలను, 1 మేకను, 4 గోవులను టీకా లేకుండ ఉంచిరి. మే 31వ తేదీన అన్నింటికిని తీవ్రమైన రోగక్రిములను ఎక్కించిరి. జూను 2వ తేదీ మధ్యాహ్నము రైతులు, వైద్యులు, పత్రికలవారు గుంపులుగా వచ్చి చూడగా, టీకా లేని గొఱ్ఱెలలో పెక్కు అప్పటికే వరుసగా చచ్చి పడియుండెను. మిగిలినవి వారు చూచుచుండగనే పడిపోయెను. సాయంకాలమునకు ఒక్కటియు మిగులలేదు. మేకయు చచ్చెను. టీకా లేని గోవులకు వాపును జ్వరమును వచ్చెను. టీకా పడిన మంద నిలిచి మేయుచుండెను. వానిలో ఒక చూలుగొఱ్ఱె మాత్రము తరువాత చచ్చెను; గర్భమున పిల్ల చచ్చియుండుటయే దానికి కారణమని కోసి చూచినవారు చెప్పిరి.

ఈ విజయమును గూర్చి ఒక నిజము చెప్పక తప్పదు. గాలి తగులనిచ్చి క్రిమిని బలహీనపఱచితినని పాశ్చర్ లోకమునకు తెలిపెను. కాని ఆయన స్వహస్తముతో వ్రాసికొన్న పరిశోధనపుస్తకములు నిధనానంతరము చిరకాలమునకు పండితుల కంటబడగా, ఆనాడు వాడిన టీకా షాంబర్లాన్ ఒక రసాయనద్రవ్యముతో సిద్ధపఱచినదని తేలినది. తూసాన్ నడచిన త్రోవకు అది దగ్గఱిది. కీర్తి పాశ్చరునకు దక్కినది. మహనీయుల దోషములను చెప్పుట వారిని తగ్గించుటకు కాదు. చరిత్ర యనగా స్తోత్రము కాదని నా యభిప్రాయము. టీకా మాత్రము నిజము, బ్రదికిన గొఱ్ఱెలు నిజము.

తరువాత 1930 దశాబ్దమున దక్షిణాఫ్రికాలోని ఓండర్‌స్టెపూర్టు పరిశోధనాలయమున మాక్సు స్టెర్ను అను పశువైద్యుడు, పైకవచము కట్టలేని ఒక జాతి దొమ్మక్రిమిని వేఱుచేసెను. అది శరీరమును హెచ్చరించునే గాని చంపదు. దాని బీజములతో చేసిన టీకాయే లోకమున నేటికిని విశేషముగా వాడుకలో నున్నది. మన దేశమున 1889లో పూనాలో నెలకొని, 1893లో హిమాలయములలోని ముక్తేశ్వరమునకు చేరిన పశువైద్యపరిశోధనాలయమునకు కాక్ పండితుడే 1897లో వచ్చియుండెను. చెన్నపురి రాజధానికై 1932లో రాణిపేటలో పశువులటీకాల సంస్థ ఏర్పడెను. ఆనాడు మన సర్కారు జిల్లాలును, దత్తమండలములును ఆ రాజధానిలోనివే. కనుక దొమ్మటీకా మనకు నిన్న మొన్నటి వింత కాదు. మన తాతల నాటినుండి వచ్చినదే.

అట్లయినచో రోగమేల పోలేదు? విత్తు చావకపోవుటచేతనే. ఇందుకు రెండు దృష్టాంతములు చెప్పెదను. 1942లో, యుద్ధకాలమున, ఆంగ్లప్రభుత్వము స్కాట్లండు తీరమునగల గ్రూనార్డు అను చిన్న ద్వీపమున ఈ బీజములను ఆయుధముగా వాడవచ్చునా యని గొఱ్ఱెలపై పరీక్షించెను. గొఱ్ఱెలు చచ్చెను, పరీక్ష ముగిసెను, యుద్ధమును ముగిసెను. ద్వీపము మాత్రము మనుష్యసంచారమునకు తగకుండ పోయెను. 1986లో ఫార్మాల్డిహైడు అను తీక్ష్ణమైన మందును సముద్రపునీటిలో కలిపి నేలనంతయు తడిపి, గొఱ్ఱెలను మేపి చూచి, 1990లో గాని అపాయము లేదని ప్రకటింపలేకపోయిరి.

రెండవది రుష్యాదేశపు ఉత్తరపుకొనయగు యమాల్ సీమలోని కథ. అచ్చటివారికి ధ్రువపుజింకలే పశుసంపద. 1941 తరువాత దొమ్మ కనబడకపోవుటచే, ఇక భయము లేదని 2007లో టీకాలు మానిరి. 2016 వేసవి ఎన్నడు లేనంత వేడిగా వచ్చి, చిరకాలముగా గడ్డకట్టియున్న నేల కరగెను. పూర్వపు కళేబరముల బీజములు బయటపడెనని పండితుల యభిప్రాయము. రెండువేలకు పైగా జింకలు చచ్చెను. పండ్రెండేండ్ల బాలుడొకడు మరణించెను. రోగము కనబడకుండుట వేఱు, లేకుండుట వేఱు. టీకా పని చేయుచున్నందుననే రోగము కనబడుటలేదను మాటను మఱచినపుడు ఇట్లే జరుగును.

మన రాయలసీమ గొఱ్ఱెలమందలలోను, విశాఖ మన్యమునను ఈ రోగము నేటికిని అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. చచ్చిన పశువు మాంసమును కోసిన, తిన్న గిరిజనులకు నల్లపుండ్లు లేచుట పలుమాఱులు జరిగినది. వారిని అజ్ఞానులని దూషించుట సులభము. సంవత్సరమంతయు పెంచిన జీవము ఒక్క రాత్రిలో పోయినపుడు, తోలైనను మాంసమైనను దక్కించుకొందమను బీదవాని తలపు దోషమా? కాదు, అది ఆకలి. కనుక ఈ భారమును ఆ బీదవానిమీదనే పెట్టరాదు. అట్టివానికి పశువు పోయిన యేడు ఊరు కొంత తోడ్పడినచో, కత్తి యెత్తవలసిన అగత్యము వానికి ఉండదు. ఒలిచిన తోలు వెల ఎంత? దానివలన ఊరి పొలమునకు కలుగు నష్టమెంత? లెక్క చూచి చెప్పవలసినవారు మీవంటి పెద్దలు.

చేయవలసినవి కొలదియే. పశువు హఠాత్తుగా చచ్చి, ద్వారముల వెంట నల్లని నెత్తురు కాఱినచో దానిని కోయరాదు, ఒలువరాదు, తినరాదు, వట్టిచేతులతో ముట్టరాదు, వాగులో పడవేయరాదు. వెంటనే పశువైద్యునకు కబురుచేయవలెను. కుక్కలును పక్షులును చేరకుండ కాపు పెట్టవలెను. వైద్యుని సలహాపై సంపూర్ణముగా దహించుట ఉత్తమము. వీలుకానిచో మేతకును నీటికిని దూరముగా, ఆరడుగులకు తక్కువకాని లోతున, తోలు చీల్చక పాతవలెను. నెత్తురు పడిన గడ్డిని, మంటిని గూడ విడువరాదు. రోగము కనబడిన తావులందు ఏటేట, ఆ కాలము రాకముందే, మందలకు టీకా వేయింపవలెను. మనుష్యుని చర్మముపై నొప్పిలేని నల్లని పుండు లేచినచో, నొప్పి లేదుకదా యని ఉపేక్షింపక వైద్యుని చూడవలెను. పెన్సిలిను మొదలగు మందులతో అది తొలుతనే కుదురును; ఆలస్యమైన ప్రాణాపాయము.

మా యూరి సంగతి చెప్పి ముగించెదను. ఆ కాపరి చేయి మానిన పిమ్మట, నేను తరగతిలో అన్న మాటను తరగతిలోనే వెనుకకు తీసికొంటిని. పూర్వులు చూచినది సత్యము, వారు చెప్పిన కారణము మాత్రము వేఱు. కారణమును కాదను తొందరలో చూచినదానిని గూడ కాదంటిని, అది నా తప్పు అని పిల్లలకు చెప్పితిని. ఆ కాపరి కుమారుడు ముందువరుసలో కూర్చుండి వినుచుండెను. తరువాత ఊరివారు చేని చుట్టును ముండ్లకంచె వేసి, రాతిపలక నిలిపి, ఏటేట మందలకు టీకా వేయించుచున్నారు. ఆ పలకమీద శాపమని వ్రాయలేదు. ఇచ్చట దొమ్మతో చచ్చిన పశువులను పాతినారు, మేపరాదు అని మాత్రమే వ్రాసియున్నది.

మీ గ్రామములలోను ఇట్టి పేరుగల చేలుండవచ్చును. ఆ పేరును విని నవ్వవలదు, దానికి దండము పెట్టవలదు. అచ్చట ఏమి జరిగినదో తెలిసిన వృద్ధులు జీవించియుండగనే అడిగి తెలిసికొని, గ్రామపు పుస్తకమున వ్రాసియుంచుడు. మనము పోయిన పిమ్మట ఆ బీడున పచ్చిక మరల మొలుచును, మేత లేని కాపరి యొకడు మరల దానివైపు చూచును. అప్పుడు వానికి చెప్పుటకు ఆ వ్రాత యొకటి ఉండవలెను.